రూపానికి సంస్కృతం, అర్థానికి తెలుగు: లాటిన్ బంధువాచకాలను ఓరుగల్లు నుంచి చదవడం

వ్యాససంగ్రహం

లాటిన్ భాషాభ్యాసంలో తొలి పాఠాలు కుటుంబం, స్నేహం, ప్రేమలకు చెందిన పదాలతో మొదలవుతాయి. మన విద్యాసంస్థలలో ఈ పదాలకు ఆంగ్లం ద్వారా అర్థం చెప్పుకోవడం పరిపాటి. ఆంగ్లంలో లేని భేదాలు ఈ మార్గంలో జారిపోతాయి. అవే భేదాలు తెలుగులో సజీవంగా ఉన్నాయి. లాటిన్ బంధువాచకాల రూపాన్ని గుర్తించడానికి తత్సమ పదజాలం, అర్థాన్ని, వాక్యనిర్మాణాన్ని గ్రహించడానికి తెలుగు వాడుక ఎలా తోడ్పడతాయో ఈ వ్యాసం వివరిస్తుంది. రెండు వ్యవస్థలు విడిపోయే చోటు పెళ్ళి వరస. ఆ తేడాను రోమన్ న్యాయగ్రంథాల ఆధారంగా పరిశీలించి, కాకతీయ రాజకుటుంబ సంబంధాలను ఉదాహరణలుగా తీసుకుని, బంధువాచకంలో జరిగే పొరపాటు చరిత్రలో పొరపాటుగా ఎలా మారుతుందో ఈ వ్యాసం చూపుతుంది.

కీలకపదాలు: లాటిన్, బంధువాచకాలు, వరస, కాకతీయులు, అనువాదం, తెలంగాణ వాడుక, ప్రేమ పదజాలం.

1. ఉపోద్ఘాతం

హనుమకొండ చౌరస్తాలో ఒక విద్యార్థి ఆటో నడిపే వ్యక్తిని 'అంకుల్' అని పిలిచినప్పుడు, ఆ మాట వెనుక రెండు వేల ఏళ్ళ ప్రయాణం ఉంది. లాటిన్‌లోని 'అవుంకులుస్' ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలో చేరి 'అంకుల్' అయింది. లాటిన్ 'అమిత' అదే దారిలో 'ఆంట్' అయింది, దాని ముద్దురూపమే మనం వాడే 'ఆంటీ'. 'కొన్సొబ్రీనుస్' అనే మాట 'కజిన్' అయింది. 'నెపోస్' 'నెఫ్యూ' అయింది. నేడు తెలుగు ఇళ్ళలో బంధువాచకాలను పక్కకు నెడుతున్నాయని భాషాభిమానులు బాధపడే ఆంగ్లపదాలు మూలంలో లాటిన్ పదాలే.

అయితే ఆ మూలపదాల అర్థాలు వేరు. రోములో అవుంకులుస్ అంటే కేవలం తల్లి సోదరుడు, అంటే మేనమామ. అమిత అంటే కేవలం తండ్రి సోదరి, అంటే మేనత్త. తండ్రి సోదరుణ్ణి అవుంకులుస్ అంటే ప్రాచీన లాటిన్‌లో అది తప్పు. ఆంగ్లంలో కరిగిపోయిన ఈ భేదం వరంగల్ పల్లెలో పలకా బలపం పట్టని పిల్లవాడికి కూడా తెలుసు. లాటిన్ నేర్చుకునే తెలుగు విద్యార్థి మాత్రం ఆంగ్ల నిఘంటువు తెరిచి, రెండింటికీ ఒకే అర్థం రాసుకుంటాడు. తనకు పుట్టుకతో వచ్చిన జ్ఞానాన్ని ఆంగ్లం గుమ్మం దగ్గర వదిలి లోపలికి వెళ్తాడు.

తెలుగు పరిశోధకునికి లాటిన్‌తో పనేమిటన్న ప్రశ్న సహజం. బెంజమిన్ షుల్జ్ 1728లో రచించిన తెలుగు వ్యాకరణం లాటిన్‌లో ఉంది. తెలుగు వ్యాకరణ చరిత్రను పరిశీలించేవారు దాన్ని విస్మరించలేరు. మార్కోపోలో యాత్రాగ్రంథం మధ్యయుగ ఐరోపాలో ఎక్కువగా చదవబడిన రూపాలలో లాటిన్ అనువాదం ఒకటి. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనంలోని కథోలిక దేవాలయాలలో కూడా, 1960లలో జరిగిన సంస్కరణల వరకు ఆరాధన భాష లాటినే. కనుక ఈ భాష ఓరుగల్లుకు పూర్తిగా పరాయిది కాదు.

ఈ వ్యాసంలో లాటిన్ పదాలను ప్రాచీన ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో ఇవ్వడం జరిగింది. చర్చి ప్రార్థనలలో వినిపించే ఉచ్చారణ దీనికి కొంత భిన్నం.

2. రూపానికి సంస్కృతం

లాటిన్, సంస్కృతం రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినవి. అందువల్ల తత్సమ పదాలు తెలిసిన తెలుగు విద్యార్థికి లాటిన్ బంధువాచకాలలో చాలావాటి రూపం పరిచితంగానే కనిపిస్తుంది.

పితృ – పతెర్ (తండ్రి)
మాతృ – మాతెర్ (తల్లి)
భ్రాతృ – ఫ్రాతెర్ (సోదరుడు)
స్వసృ – సొరొర్ (సోదరి)
పితృవ్య – పత్రువుస్ (తండ్రి సోదరుడు)
నప్తృ – నెపోస్ (మనుమడు)
శ్వశుర – సొకెర్ (మామగారు)
శ్వశ్రూ – సొక్రుస్ (అత్తగారు)
స్నుష – నురుస్ (కోడలు)
దేవృ – లేవిర్ (భర్త సోదరుడు)
యాతృ – యనిత్రికేస్ (తోడికోడళ్ళు)
విధవ – విదువ (భర్తను కోల్పోయిన స్త్రీ)

ఈ జాబితాలో సంతానవాచకాలు లేకపోవడం గమనించదగినది. సంస్కృతంలోని 'సూను', 'దుహితృ' శబ్దాలకు జ్ఞాతి రూపాలు లాటిన్ వాడుకలో నిలవలేదు. వాటి స్థానంలో 'ఫీలియుస్' (కొడుకు), 'ఫీలియ' (కూతురు) వచ్చాయి. ఈ రెండింటికీ మూలం స్తన్యపానాన్ని సూచించే ధాతువని భాషావేత్తలు భావిస్తారు. 'చంటిబిడ్డ', 'పాలు తాగే పసివాడు' అనే మన మాటలలోని భావన అక్కడ బంధువాచకంగానే స్థిరపడింది.

సంస్కృతం రూపాన్ని గుర్తుపట్టడానికి ఉపయోగిస్తుంది కానీ, అది ఇచ్చే సాయం అక్కడితో ఆగుతుంది. పైగా కొన్ని చోట్ల రూపసామ్యం దారి తప్పిస్తుంది. లాటిన్ పిల్లల భాషలో 'తత' అంటే నాన్న, తాత కాదు. 'అమిత' అంటే మేనత్త, 'అపరిమిత' కాదు. 'అవుంకులుస్' పదానికి వ్యుత్పత్తి ప్రకారం 'చిన్న అవుస్', అంటే 'చిన్న తాత' అని అర్థం. తెలుగులో చిన్నతాత అంటే తాత తమ్ముడు. రోములో అది మేనమామ. పదం పోలికను బట్టి బంధాన్ని ఊహించకూడదన్న పాఠం మొదటి రోజే చెప్పవలసి ఉంటుంది.

3. అర్థానికి తెలుగు

తల్లిదండ్రుల తోబుట్టువులకు లాటిన్‌లో నాలుగు వేర్వేరు మాటలు ఉన్నాయి. తండ్రి సోదరుడు పత్రువుస్, తండ్రి సోదరి అమిత, తల్లి సోదరుడు అవుంకులుస్, తల్లి సోదరి మాతెర్తెర. ఆంగ్లం ఈ నాలుగింటినీ రెండుగా కుదించింది. తెలుగు నాలుగింటినీ నిలుపుకోవడమే కాక, వయోభేదాన్ని కూడా చేర్చింది. పత్రువుస్ మన పెదనాన్న లేదా చిన్నాన్న. తెలంగాణ వాడుకలో పెద్దనాయిన, చిన్నాయిన, కాక అనే మాటలు ఇక్కడ చెందుతాయి. మాతెర్తెర మన పెద్దమ్మ లేదా చిన్నమ్మ.

ఈ నాలుగు మాటల నిర్మాణంలో ఒక ముఖ్యమైన సామ్యం ఉంది. 'పత్రువుస్'లో 'పతెర్' ఉన్నాడు. 'మాతెర్తెర'లో 'మాతెర్' ఉంది. అలాగే 'పెదనాన్న'లో నాన్న, 'చిన్నమ్మ'లో అమ్మ ఉన్నారు. కానీ 'అవుంకులుస్'లో గానీ 'అమిత'లో గానీ తల్లిదండ్రుల పేరు లేదు. 'మేనమామ', 'మేనత్త' పదాలలోనూ లేదు. తండ్రికి సోదరుడు మరో తండ్రి, తల్లికి సోదరి మరో తల్లి. తండ్రి సోదరి, తల్లి సోదరుడు మాత్రం వేరే శాఖ. సంబంధం లేని రెండు భాషాకుటుంబాలు ఈ ఒక్క విషయంలో ఒకే విధంగా పదాలను కట్టుకున్నాయి.

పిల్లల తరంలో కూడా ఈ పోలిక కొనసాగుతుంది. పత్రువుస్ కొడుకు 'ఫ్రాతెర్ పత్రువేలిస్'. ఆ పదబంధంలోనే ఫ్రాతెర్, అంటే సోదరుడు, ఉన్నాడు. మన వాడుకలో పెదనాన్న కొడుకు అన్న, చిన్నాన్న కొడుకు తమ్ముడు. తల్లి సోదరి పిల్లలకు మొదట ఏర్పడిన 'కొన్సొబ్రీనుస్' అనే మాటలో సొరొర్ శబ్దం దాగి ఉంది. మేనత్త పిల్లలకు ఏర్పడిన 'అమితీనుస్'లో ఆ రెండు శబ్దాలూ లేవు. రోమన్ న్యాయవేత్త గయుస్ ఈ భేదాలను వివరిస్తూనే, జనవ్యవహారంలో అందరినీ కొన్సొబ్రీనుస్ అనే ఒకే మాటతో పిలుస్తారని గుర్తించాడు. అంటే 'కజిన్' అనే ఏకీకరణ ఆంగ్లంలో మొదలైనది కాదు. రోము వీధులలోనే మొదలైంది. న్యాయశాస్త్రం నిలిపిన భేదాన్ని వాడుక చెరిపివేసింది. నేడు తెలుగులో జరుగుతున్న మార్పును అర్థం చేసుకోవడానికి ఈ దృష్టాంతం ఉపకరిస్తుంది.

ఆంగ్లంలో ఏకపదం లేని మరికొన్ని బంధాలకు లాటిన్‌లో, తెలుగులో మాటలున్నాయి. అన్నదమ్ముల భార్యలు ఒకరికొకరు యనిత్రికేస్. మనకు తోడికోడళ్ళు, తెలంగాణలో యారాండ్లు. పెళ్ళితో కలిసిన ఇద్దరి తండ్రులు ఒకరికొకరు 'కొన్సొకెర్'. మనకు వియ్యంకులు. 'కొన్' అనే ఉపసర్గ మన 'తోడి' శబ్దంలా పనిచేస్తుంది. భర్త సోదరి 'గ్లోస్', మన ఆడబిడ్డ. తండ్రి వంశం వారు 'అగ్నాతీ'. పన్నెండు ఫలకాల శాసనం ప్రకారం సొంత వారసులు లేనప్పుడు ఆస్తి దగ్గరి అగ్నాతుకు చెందేది. ఈ మాటకు 'బంధువులు' అని రాస్తే సగం అర్థమే వస్తుంది. 'పాలోళ్ళు' లేదా 'దాయాదులు' అంటే రక్తసంబంధంతో పాటు ఆస్తి పంపకం కూడా అర్థంలోకి వస్తుంది.

తెలుగు పట్టే భేదాన్ని లాటిన్ పట్టని సందర్భాలూ ఉన్నాయి. అన్న, తమ్ముడు అనే భేదం ఫ్రాతెర్‌లో లేదు. అక్క, చెల్లెలు అనే భేదం సొరొర్‌లో లేదు. అవసరమైతే 'వయసులో పెద్ద', 'వయసులో చిన్న' అని విడిగా చెప్పాలి. కతుల్లుస్ తన సోదరుని సమాధి వద్ద రాసిన ప్రసిద్ధమైన 101వ పద్యాన్ని తెలుగు చేయబూనినవారికి మొదటి చిక్కు ఇక్కడే. మరణించినది అన్నో తమ్ముడో పద్యం చెప్పదు. 'సోదరా' అంటే శోకం పలచబడుతుంది. 'అన్నా' అంటే పోయినవాడు పెద్దదిక్కు అవుతాడు. 'తమ్ముడా' అంటే కవి పెద్దదిక్కు అవుతాడు. మూలంలో లేని ఒక నిర్ణయాన్ని తెలుగు అనువాదకుడు తప్పనిసరిగా తీసుకోవలసి వస్తుంది.

4. వరస దగ్గర వేరైన దారులు

ఇంతవరకు చూసిన సామ్యం పెళ్ళి దగ్గర ఆగిపోతుంది. తెలుగులో 'మామ' అనే మాట మేనమామకు, మేనత్త భర్తకు, భార్య లేదా భర్త తండ్రికి వర్తిస్తుంది. 'అత్త' కూడా అంతే. 'మేనల్లుడు'లో అల్లుడు, 'మేనకోడలు'లో కోడలు ఉన్నారు. మేనరికం ఈ పదాల పునాదిలోనే ఉంది. లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన బంధుత్వ పట్టికలలో తమిళ, కన్నడాలతో పాటు తెలుగు పదాలను చేర్చినప్పటి నుంచి, థామస్ ట్రౌట్‌మన్ 1981 నాటి ద్రావిడ బంధుత్వ అధ్యయనం వరకు పండితుల చర్చ ఈ లక్షణం చుట్టూనే సాగింది.

లాటిన్‌లో ఈ వలయం లేదు. మేనమామ అవుంకులుస్, భార్య తండ్రి సొకెర్. మేనత్త అమిత, భర్త తల్లి సొక్రుస్. అల్లుడు 'గెనెర్', సోదరి కొడుకు కేవలం 'సోదరి కొడుకే'. రక్తబంధువుల పదాలు, వివాహబంధువుల పదాలు రెండు విడి గదులలో ఉన్నాయి. కనుక లాటిన్ పాఠంలో 'సొకెర్' వచ్చినప్పుడు 'మామ' అని మాత్రమే రాసుకుంటే చాలదు, 'పిల్లనిచ్చిన మామ' అనో 'భర్త తండ్రి' అనో విడమరచి రాసుకోవాలి.

ఈ తేడా ఎంత లోతైనదో ఒక చారిత్రక సంఘటన చూపిస్తుంది. క్రీ.శ. 49లో చక్రవర్తి క్లౌదియుస్ తన సోదరుడు గెర్మానికుస్ కూతురైన అగ్రిప్పీనను వివాహమాడాడు. అప్పటివరకు అటువంటి వివాహం రోమన్లకు నిషిద్ధం. అందువల్ల సెనేట్ ప్రత్యేకంగా తీర్మానం చేయవలసి వచ్చింది. రెండవ శతాబ్దంలో గయుస్ తన న్యాయపాఠ్యగ్రంథంలో నాటి స్థితిని ఇలా నిర్దేశించాడు: సోదరుని కూతురిని వివాహమాడవచ్చు, సోదరి కూతురిని వివాహమాడరాదు.

తెలుగువారి వరస దీనికి నేరుగా తలక్రిందులు. సోదరుని కూతురు కూతురే. ఆ వివాహం ఊహకైనా అందదు. అక్క కూతురు మేనకోడలు. ఆమెను మేనమామ చేసుకునే ఆచారం తెలుగునాట ప్రసిద్ధం. 1955 నాటి హిందూ వివాహచట్టం మామ–మేనకోడళ్ళ వివాహాన్ని నిషిద్ధ సంబంధాలలో చేర్చినా, ఆచారం ఉన్నచోట దానికి మినహాయింపు ఇచ్చింది. క్లౌదియుస్ కథను ఆంగ్లంలో చదివే విద్యార్థికి 'మేనకోడలిని చేసుకున్నాడు' అన్న భ్రమ కలిగే అవకాశం ఉంది. అప్పుడు సెనేట్‌కు కలిగిన సంకోచం అర్థరహితంగా తోస్తుంది. 'అన్న కూతురిని చేసుకున్నాడు' అని తెలుగులో చెప్పిన మరుక్షణం రోమ్ ఉలికిపాటు ఓరుగల్లుకు తెలిసిపోతుంది.

అవుంకులుస్ విషయంలో మాత్రం హృదయాలు కలుస్తాయి. రోమన్ సాహిత్యంలో పత్రువుస్ కఠినంగా మందలించే పెద్దమనిషికి ప్రతీకగా మారాడు. అవుంకులుస్ పదనిర్మాణంలోనే ముద్దు ఉంది. క్రీ.శ. 79లో వెసూవియుస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు మరణించిన పెద్ద ప్లీనీ చిన్న ప్లీనీకి మేనమామ. వీలునామా ద్వారా అతణ్ణి దత్తపుత్రునిగా స్వీకరించాడు కూడా. అయినా ఆ మరణాన్ని వివరిస్తూ చరిత్రకారుడు తాకితుస్‌కు రాసిన లేఖలో చిన్న ప్లీనీ ఆయనను తండ్రి అనకుండా అవుంకులుస్ అనే పేర్కొన్నాడు. 'అంకుల్' అన్న మాటలో ఈ లేఖ ఆర్ద్రత నిలవదు. 'మేనమామ' అన్న మాటలో నిలుస్తుంది.

5. కాకతీయ కుటుంబం: ఒక అభ్యాసం

కొత్త భాషలో బంధువాచకాలను సాధన చేయడానికి పరిచితమైన కుటుంబం కావాలి. ఓరుగల్లు విద్యార్థికి కాకతీయ రాజకుటుంబం కంటే పరిచితమైనది వేరే లేదు. పైగా 'రుద్రమ' అకారాంత రూపం కనుక లాటిన్ మొదటి విభక్తివర్గంలోని స్త్రీలింగ శబ్దాలలో సహజంగా ఒదుగుతుంది. షష్ఠిలో అది 'రుద్రమై' అవుతుంది.

రుద్రదేవుని తరువాత అతని తమ్ముడు మహాదేవుడు, ఆ తరువాత మహాదేవుని కొడుకు గణపతిదేవుడు (1199–1262) రాజ్యానికి వచ్చారు. గణపతికి రుద్రదేవుడు పత్రువుస్. తెలుగులో పెదనాన్న. ఆంగ్ల చరిత్రగ్రంథం రాసే మాట మాత్రం వీధిలో ఆటో నడిపే వ్యక్తికీ వర్తించేదే. ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. పెదనాన్న కనుక 'పత్రువుస్ మాగ్నుస్' అని అనువదిస్తే అర్థం మారిపోతుంది. లాటిన్‌లో ఆ పదబంధానికి తాత సోదరుడు అని అర్థం.

నృత్తరత్నావళి కర్త జాయప సేనాని చెల్లెండ్రో అక్కలో అన్న వివరం లేకుండానే, నారాంబ, పేరాంబలు అతని 'సొరోరేస్' అని లాటిన్‌లో చెప్పవచ్చు. గణపతిదేవుడు ఆ ఇద్దరినీ వివాహమాడాడు. కనుక జాయప గణపతికి బామ్మర్ది. దీనికి లాటిన్‌లో ఏకపదం లేదు, 'ఉక్సోరిస్ ఫ్రాతెర్' (భార్య సోదరుడు) అనాలి. భర్త సోదరునికి, భర్త సోదరికి, భర్త సోదరుని భార్యకు విడి మాటలున్న లాటిన్‌లో, భార్య సోదరునికి మాట లేకపోవడం యాదృచ్ఛికం కాదు. పెళ్ళి చేసుకుని మరో ఇంటికి వెళ్ళిన స్త్రీ అక్కడి మనుషులను గుర్తించడానికి వాడే పదాలే ఆ భాష పాత పదకోశంలో నిలిచాయి. మనకు బామ్మర్ది, మరదలు, తోడల్లుడు వంటి పదాలు రెండు వైపులా ఉన్నాయి. గణపతిదేవుని కుమార్తెలలో రుద్రమ నిడదవోలు చాళుక్య వీరభద్రునికి, గణపాంబ కోట వంశానికి చెందిన బేతరాజుకు భార్యలయ్యారు. ఆ ఇద్దరు పురుషులు మనకు తోడల్లుళ్ళు లేదా సడ్డకులు. లాటిన్‌లో ఈ బంధాన్ని వాక్యంగా విడదీసి చెప్పాలి.

రుద్రమదేవి (1262–1289) తరువాత ఆమె కుమార్తె ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు (1289–1323) రాజయ్యాడు. అతడు రుద్రమకు 'నెపోస్ ఎక్స్ ఫీలియా', అంటే కూతురి వైపు మనుమడు, దౌహిత్రుడు. కేవలం 'నెపోస్' అంటే చాలదు. ప్రాచీన లాటిన్‌లో మనుమడు అనే అర్థమున్న ఈ మాట తరువాతి కాలంలో తోబుట్టువుల కొడుకును కూడా సూచించింది. ఒక్క మాట అజాగ్రత్తగా వాడితే వంశవృక్షంలో ఒక తరం మాయమవుతుంది.

ఇటువంటి మాయ ఓరుగల్లు చరిత్రలో నిజంగానే జరిగింది. మార్కోపోలో మోటుపల్లి రేవును ప్రస్తావిస్తూ, ఆ దేశాన్ని పాలించే రాణిని దివంగతుడైన రాజు భార్యగా వర్ణించాడు. శాసనాల ప్రకారం రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. 'ఫీలియ' అనవలసిన చోట 'ఉక్సొర్', 'విదువ' అనే భావన ప్రవేశించింది. 1298లో జైలులో చెప్పి రాయించిన ఆ గ్రంథాన్ని పద్నాలుగవ శతాబ్దారంభంలో ఫ్రాంచెస్కో పిపీనో లాటిన్‌లోకి అనువదించాడు. తరువాతి కాలంలో కొలంబస్ చదివి అంచులలో గుర్తులు రాసుకున్నది ఆ లాటిన్ రూపాన్నే. తండ్రి నుంచి సింహాసనాన్ని పొంది, శాసనాలలో రుద్రదేవ మహారాజుగా పురుషనామంతో కీర్తింపబడిన స్త్రీ, విదేశీ గ్రంథంలో భర్త జ్ఞాపకంతో రాజ్యాన్ని కాపాడిన వితంతువుగా నిలిచింది. తొలి పాఠంలో నేర్పే రెండు చిన్న మాటల మధ్య తేడా ఇక్కడ ఒక మహిళ వారసత్వ హక్కు అవుతుంది.

6. వాక్యానికీ తెలుగే ఆధారం

బంధువును గురించి చెప్పే వాక్యంలో ఆంగ్లం 'కలిగి ఉండు' అనే క్రియను వాడుతుంది. ఆంగ్లం ద్వారా చదివే విద్యార్థికి లాటిన్ వాక్యం 'మిహి ఫ్రాతెర్ ఎస్త్' వింతగా కనిపిస్తుంది. పాఠ్యగ్రంథాలు దీనిని 'స్వామ్యాన్ని తెలిపే చతుర్థి' అనే ప్రత్యేక సూత్రంగా బోధిస్తాయి. తెలుగు విద్యార్థికి సూత్రం అక్కరలేదు. 'మిహి' అంటే నాకు, 'ఎస్త్' అంటే ఉన్నాడు. 'నాకు తమ్ముడు ఉన్నాడు' అన్న వాక్యమే అది. 'మిహి దువై సొరోరేస్ సున్త్' అంటే 'నాకు ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉన్నారు'. బంధువులను వస్తువులలా కలిగి ఉండటం తెలుగుకు సరిపడదు. లాటిన్‌లోనూ ఈ సందర్భంలో చతుర్థి సహజం.

షష్ఠి ముందు, క్రియ చివర రావడం లాటిన్‌లో తరచుగా కనిపించే క్రమం. 'రుద్రమ గణపతిస్ ఫీలియ ఎస్త్' అన్న వాక్యం 'రుద్రమ గణపతి కూతురు' అన్న తెలుగు వాక్యం క్రమంలోనే నడుస్తుంది. అయితే 'మా అమ్మ' అన్నప్పుడు తెలుగు వాడే బహువచనం లాటిన్‌లో లేదు. అక్కడ 'మాతెర్ మెయ', అంటే 'నా తల్లి'. ఒక్కడే కొడుకైనా 'మా అమ్మ' అనే తెలుగువాడు, తొలి అనువాద అభ్యాసంలో అలవాటు కొద్దీ 'నొస్త్ర' (మన, మా) అని రాసే ప్రమాదం ఉంది.

బంధువు కానివారిని బంధువాచకంతో పిలవడం కూడా రోమన్లకు తెలుసు. హొరాతియుస్ తన మొదటి లేఖాసంపుటిలోని ఆరవ లేఖలో, ఓట్లు కోరేవాడు ఎదుటివారి వయసును బట్టి సోదరా అనో తండ్రీ అనో చేర్చి పలకరించాలని చమత్కరించాడు. ఎన్నికల వేళ ఏ తెలుగు వీధిలోనైనా ఈ చమత్కారానికి వ్యాఖ్యానం అవసరం లేదు.

7. స్నేహం, ప్రేమ

లాటిన్‌లో 'అమీకుస్' (స్నేహితుడు) 'అమారె' (ప్రేమించు) ధాతువుతో ముడిపడినది. కికెరో క్రీ.పూ. 44లో స్నేహాన్ని గురించి రాసిన గ్రంథంలో 'అమీకితియ' అనే పేరు 'అమొర్' నుంచి వచ్చిందని చెప్పి, దానిపైనే తన వాదాన్ని నిలిపాడు. మన 'స్నేహం' సంస్కృతంలో జిడ్డును, నేతిని కూడా సూచిస్తుంది. దాని తద్భవం 'నెయ్యం'. అక్కడ ప్రేమ నుంచి స్నేహం పుడితే, ఇక్కడ అంటుకుపోయే గుణం నుంచి పుట్టింది. తెలంగాణలో సోపతి, దోస్తు అనే మాటలు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. వీటిలో దోస్తు పారశీకం నుంచి వచ్చింది.

అమీకుస్ స్త్రీలింగ రూపం 'అమీక' విషయంలో జాగ్రత్త అవసరం. రోమన్ హాస్యనాటకాలలో, ప్రణయకవిత్వంలో ఈ మాట తరచుగా ప్రియురాలిని, పెళ్ళి బంధం లేని సహచరిని సూచిస్తుంది. వ్యాకరణం ప్రకారం 'స్నేహితురాలు' అని అనువదిస్తే సందర్భం దెబ్బతింటుంది. 'హొస్పెస్' అనే మాట అతిథిని, ఆతిథ్యమిచ్చేవాడిని కూడా చెబుతుంది. మన 'చుట్టం' బంధువునూ, ఇంటికి వచ్చిన అతిథినీ చెప్పినట్లే అది కూడా ఒక సంబంధానికి రెండు కొసలను పట్టుకుంటుంది. వివాహబంధువును చెప్పే 'అఫ్ఫీనిస్' పదానికి మూలార్థం సరిహద్దు పంచుకున్నవాడు. వియ్యమంటే గట్టు పంచుకోవడమన్నమాట.

ప్రేమ పదాలలో 'కారుస్' అనే విశేషణం తెలంగాణ విద్యార్థికి ఇట్టే పట్టుబడుతుంది. దానికి ప్రియమైన, ఖరీదైన అనే రెండర్థాలున్నాయి. మన 'ప్రియం' అంతే. అంగడిలో కూరగాయలు 'పిరం' అయినప్పుడు వినిపించేది ఆ మాటే. 'మిహి కారుస్ ఎస్' అంటే 'నువ్వు నాకు ప్రియమైనవాడివి'. 'మిహి ప్లకేస్' అంటే 'నువ్వు నాకు నచ్చావు'. ఈ రెండు వాక్యాలలోనూ అనుభవించేవారు చతుర్థిలో ఉన్నారు. 'తే అమో' (నిన్ను ప్రేమిస్తున్నాను) మాత్రం కర్త, కర్మలతో నడుస్తుంది. 'నువ్వంటే నాకు ఇష్టం' అని చెప్పుకునే తెలుగువారికి మొదటి రెండు వాక్యాలు నోటికి దగ్గర.

'పియెతాస్' తల్లిదండ్రుల పట్ల, దేవతల పట్ల, దేశం పట్ల ఉండే కర్తవ్యంతో కూడిన ప్రేమ. పితృభక్తి, దైవభక్తి, దేశభక్తి అన్నింటిలోనూ ఉన్న 'భక్తి' దీనికి దగ్గరి మాట. కానీ పియెతాస్ తండ్రికి కొడుకు పట్ల కూడా ఉంటుంది. భక్తి పైకి మాత్రమే సాగుతుంది. కిందికి సాగేది వాత్సల్యం, తెలంగాణలో పాయిరం. 'దెసీదెరియుమ్' దగ్గర లేనివారి కోసం కలిగే కోరిక, లోటు. ఆంగ్లం దీనిని కోరికగానో విచారంగానో విడదీస్తుంది. తెలుగులో దానికి సరైన మాట 'బెంగ'. కికెరో ముద్దుగా 'తుల్లియొల' అని పిలుచుకున్న కూతురు తుల్లియ క్రీ.పూ. 45లో మరణించిన తరువాత, ఆయన లేఖలలో నిండినది ఈ బెంగే.

ఈ పదాలన్నీ ఒకచోట కలిసే సందర్భం కతుల్లుస్ 72వ పద్యంలో ఉంది. తన ప్రేమ లోకులు అమీక మీద చూపే మోహం వంటిది కాదని, ఒక తండ్రి తన కొడుకులను, అల్లుళ్ళను చూసుకునే ప్రేమ వంటిదని కవి వాదిస్తాడు. అక్కడ అతడు వాడే క్రియ 'దీలిగెరె', అంటే ఎంచి ఆదరించడం. ప్రియురాలితో అల్లుళ్ళ ప్రస్తావన ఎందుకన్నది ఆధునిక ఐరోపా పాఠకులకు చిక్కుముడి. అల్లుడికి ఇంట్లో ఎంత స్థానముందో ఎరిగిన తెలుగు పాఠకులకు ఆ పోలికలోని గాంభీర్యం తేలికగా అందుతుంది. శరీరాకర్షణతో నిమిత్తం లేకుండా కుటుంబం మొత్తం పూచీ పడే ప్రేమను కవి అక్కడ ఉద్దేశించాడు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

అ) లాటిన్ బంధువాచకాల రూపాన్ని తత్సమాల ద్వారా, అర్థాన్ని దేశ్యపదాల ద్వారా, వాక్యాన్ని తెలుగు చతుర్థి ద్వారా నేరుగా బోధించవచ్చు. ఆంగ్లం మధ్యవర్తిగా వచ్చినప్పుడు ఈ మూడింటిలోనూ నష్టం కలుగుతుంది.

ఆ) తల్లిదండ్రుల తోబుట్టువుల విషయంలో లాటిన్, తెలుగు ఒకే విధంగా పదాలను కట్టుకున్నాయి. పెళ్ళి వరసలో పరస్పరం విరుద్ధమైన దారులు పట్టాయి. మొదటిది సౌలభ్యం, రెండవది హెచ్చరిక.

ఇ) యారాలు, సడ్డకుడు, బామ్మర్ది, పాలోళ్ళు, పాయిరం, బెంగ వంటి మాటలు అనువాదకునికి మాండలికపు అలంకారాలు కావు, కచ్చితమైన పనిముట్లు. లాటిన్–తెలుగు పదకోశం ఎవరైనా కూర్చబూనితే వీటికి ప్రధాన పదాల వరుసలో చోటు ఇవ్వవలసి ఉంటుంది.

ఈ) కూతురిని భార్యగా, మనుమణ్ణి మేనల్లునిగా మార్చే పొరపాటు భాషాదోషంతో ఆగదు. రుద్రమదేవి విషయంలో అది రాజ్యాధికారపు ఆధారాన్నే మార్చివేసింది.

న్యాయవేత్తల గ్రంథాలలో వేర్వేరు మాటలుగా ఉన్న బంధాలు రోము వీధులలో ఒక్క మాటగా కుదించుకుపోయాయి. అటువంటి కుదించిన మాటలే ఇన్ని శతాబ్దాల తరువాత మన ఇళ్ళకు 'అంకుల్', 'ఆంటీ', 'కజిన్' రూపాలలో చేరాయి. వాటి పుట్టిల్లు తెలుసుకున్న విద్యార్థికి మేనమామ అన్న మాట ఎంత విలువైనదో కూడా తెలుస్తుంది. లాటిన్ పాఠం అతనికి తన సొంత భాషను మరొకసారి నేర్పుతుంది.